పాత గనుల్లో బంగారం, వెండి వెతకడం – పాఠం 4: మనం ఏ అంతస్తులో ఉన్నాం?

పోయిన పాఠంలో పాత మ్యాపులు చదవడం చూశాం కదా, ఈసారి రాయి చదువుదాం. ఉదాహరణ మళ్ళీ అమెరికాలో నెవాడాలోని కామ్‌స్టాక్ లోడ్, అంటే వర్జీనియా సిటీ కింద రాతి పగుళ్ళలో ఉన్న పెద్ద ఖనిజపు పట్టీ. 1859లో అక్కడ బంగారం కడిగేవాళ్ళకి ఒక నీలం బురద తెగ విసుగు తెప్పించేది, పనికి అడ్డం పడుతోందని తీసి పక్కన పారేసేవాళ్ళు, చివరికి కొంచెం కాలిఫోర్నియాకి పంపి టెస్ట్ చేయిస్తే అది వెండి ఖనిజమని తేలింది, అందులో బంగారం కన్నా వెండి విలువే ఎక్కువ!

ఇలాంటి అగ్నిపర్వతపు నేలల్లో బంగారం ఎలా చేరుతుందంటే, లోపలి వేడి నీళ్ళు పగుళ్ళలోంచి పైకొస్తుంటాయి, బంగారం ఆ నీళ్ళలో గంధకంతో జట్టుకట్టి కరిగి ఉంటుంది. పైకొచ్చేకొద్దీ ప్రెషర్ తగ్గి నీళ్ళు మరుగుతాయి, మరిగితే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆవిరితో లేచిపోతుంది, ఇక బంగారాన్ని పట్టుకునే తోడు లేక అది అక్కడే రాలిపోతుంది. 250 డిగ్రీల నీళ్ళైతే ఈ మరుగుడు నీటిమట్టానికి సుమారు 450 మీటర్ల కింద మొదలవుతుంది. అంటే అసలు సరుకు, అదే బంగారం, వెండి, ఒక లోతు పరిధిలోనే ఉంటుంది, దాన్నే నేను అంతస్తు అంటున్నాను, దాని పైన సుద్దలాంటి తెల్ల మట్టి, ఓపల్, పాదరసం, ఆర్సెనిక్, ఆంటిమొనీ, కింద సీసం, జింక్. పాత గని ఆగిపోయిందంటే సరుకు అయిపోయిందా లేక తవ్వినవాళ్ళు తప్పు అంతస్తులో ఆగారా అన్నదే మనం తేల్చాల్సింది.

మరిగిన చోటు గుర్తు పట్టడానికి పలుగురాయి ముక్క ఒకటి లెన్స్ కింద పెట్టండి. పలచటి బ్లేడుల్లాంటి పలకలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ కనిపిస్తున్నాయా, మధ్యలో ఖాళీలున్నాయా? మరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్సైట్ అనే సున్నపు ఖనిజం అలా పలకలుగా పెరుగుతుంది, తర్వాత చాలాసార్లు సిలికా, అంటే పలుగురాయి పదార్థం వచ్చి దాని చోటు ఆక్రమిస్తుంది. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క వేస్తే కాల్సైట్ బుసబుసా పొంగుతుంది, పలుగురాయిగా మారిపోయుంటే పొంగదు కానీ ఆకారం మాత్రం అదే ఉంటుంది. నేను మొదట్లో వీటిని ఉత్త కాల్సైట్ అనుకుని పక్కన పడేసేవాణ్ణి, నీలం బురదని పారేసినవాళ్ళని చూసి నవ్వే హక్కు నాకైతే లేదు. ముక్కలు డంప్ మీదే, అంటే గని బయట పారేసిన రాళ్ళ గుట్ట మీదే దొరుకుతాయి, పాత సొరంగాల్లోకి మాత్రం వెళ్ళకండి.

ఇక్కడో మెలిక. పాదరసం కనిపిస్తే పై అంతస్తు అన్నాను కదా, కామ్‌స్టాక్‌లో వాగు మట్టి తీసి అలా లెక్కేస్తే బోల్తా పడతారు, ఎందుకంటే పాత మిల్లుల్లో వెండి తీయడానికి విపరీతంగా పాదరసం వాడారు, అది కార్సన్ నదిలోకి చేరి ఆ ప్రాంతం 1990లో సూపర్‌ఫండ్ లిస్ట్‌కి, అంటే శుభ్రం చేయాల్సిన కలుషిత ప్రాంతాల అమెరికా ప్రభుత్వ లిస్ట్‌కి కూడా ఎక్కింది. కాబట్టి వాగు మట్టి కాదు, కదలని రాయి నుంచే శాంపిల్ తీయాలి.

ఇంకొకటి, సరుకు ఆ అంతస్తులో కూడా పరుచుకుని ఉండదు, గుంపులు గుంపులుగా ఉంటుంది. కన్సాలిడేటెడ్ వర్జీనియా గనిలో 1873లో దొరికిన బిగ్ బొనాంజా అనే పెద్ద ఖనిజపు గుంపు దాదాపు 1,200 అడుగుల లోతులో ఉంది, పైన నేల మీద దాని జాడే లేదు. అందుకే "పైన ఏమీ కనపడలేదు" అనే పాత రిపోర్టులని నేను పెద్దగా పట్టించుకోను. అలాగని "పాత గని పక్కనే మా లీజు" అనే కంపెనీ మాటనీ నమ్మను, పక్కన ఉండటం వేరు, సరైన లోతులో ఉండటం వేరు.

ఇక హోంవర్క్. డంప్ ‘ఎ’లో తెల్ల మట్టి, ఓపల్, రాయిలోనే పాదరసం, బంగారం దాదాపు సున్నా. డంప్ ‘బి’లో సీసం, జింక్ బాగా, వెండి కొంచెం. మీ దగ్గర ఒక్క డ్రిల్ హోల్‌కే డబ్బులున్నాయి, ఎక్కడ వేస్తారు, ఎంత లోతుకి? రెండు డంపులూ ఒకే ఎత్తులో ఉండి మధ్యలో ఒక ఫాల్ట్ (రాయి చీలి రెండు వైపులూ జరిగిపోయిన చోటు) ఉందంటే మీ జవాబు మారుతుందా? కాగితం మీద అడ్డకోత, అంటే నేలని నిలువునా కోస్తే కనిపించే బొమ్మ గీసి పెట్టుకోండి, పాఠం 5 దాంతోనే మొదలవుతుంది.