తాగుడు మానేవాళ్ల మీటింగ్‌కు మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

• ముందు డాక్టరు, తర్వాతే మీటింగ్. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం కూడా జరగొచ్చు; అది ప్రాణాల మీదికి తెస్తుంది. దీనికి మందులున్నాయి. మీటింగ్‌లో మాత్రం వైద్యం ఉండదు.

• 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం)లో మీటింగులు రెండు రకాలు. ‘ఓపెన్’కు ఎవరైనా రావచ్చు, ‘క్లోజ్డ్’ మానాలనుకునేవాళ్లకే. తోడు తీసుకెళ్లేటట్లయితే ఏ రకమో ముందే అడగండి. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అనే సంఘం వేరే ఉంది.

• వేళ, చోటు మారుతుంటాయి. బయల్దేరేముందు ఫోన్ చేయండి.

• ఫీజు లేదు. చందా మీ ఇష్టం.

• పూర్తి పేరు చెప్పక్కర్లేదు, అసలు మాట్లాడకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఆన్‌లైన్ మీటింగైతే తెరమీద కనిపించే పేరు మార్చుకోండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మన గుట్టు సంగతి సరే, అవతలివాళ్ల మాటలు మీ ఇంట్లో అందరికీ వినపడకూడదు కదా!

• ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో వచ్చే దేవుడి ప్రస్తావన ఇబ్బందిగా ఉంటే, ఆ ఊసు లేని స్మార్ట్ రికవరీ లాంటి గ్రూపులు చూడండి.

• మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకోటి. ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పేయకండి.