వర్చువల్ మెషీన్లు – 5వ పాఠం: నెట్ పోయిందా? డ్రైవర్ జోలికి అప్పుడే వెళ్లకండి

పోయిన పాఠంలో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) నెట్‌వర్క్ కార్డును ఈ1000 (ఇంటెల్ కార్డుకి నకలు) నుంచి వర్ట్‌ఐఓకి (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన రకం) మార్చమన్నాను. మార్చారు, నెట్ పోయింది, నన్ను తిట్టుకున్నారు. తప్పు నాదే. వర్ట్‌ఐఓ డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది, విండోస్‌లో ఉండదు. నేను వాడేది లినక్సే కాబట్టి ఆ మాట చెప్పడం మర్చిపోయాను.

నెట్ లేని గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, డ్రైవర్ ఎలా డౌన్‌లోడ్ చేస్తాం? చేయలేం. హోస్ట్‌లో, అంటే అసలు కంప్యూటర్‌లో, వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓ (విండోస్‌కి ఆ డ్రైవర్లున్న సీడీ ఫైల్) దింపి, గెస్ట్‌కి సీడీలా తగిలించండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న ఈథర్నెట్ కంట్రోలర్‌కి ఆ సీడీలోని నెట్‌కేవీఎం ఫోల్డర్ చూపించండి. విండోస్ 10 అయితే అందులో డబ్ల్యూ10, దాని లోపల ఏఎండీ64. మీది ఇంటెల్ ప్రాసెసర్ అయినా అదే. 64 బిట్‌కి ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

పాత కార్డుకి స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన, మారని ఐపీ) ఇచ్చినవాళ్లకి ఆ ఐపీ వేరే అడాప్టర్‌కి ఉందని విండోస్ పేచీ పెడుతుంది. డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కి, వెలిసిపోయినట్టు కనిపించే పాత కార్డును తీసేయండి. లినక్స్‌లో కార్డు పేరు మారి ఉండొచ్చు. ‘ఐపీ లింక్’ కొట్టి చూసి, నెట్‌ప్లాన్ ఫైల్‌లో (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులుండే చోటు) కొత్త పేరు రాయండి. అంతే.

ఇక నాకు ఒళ్లుమండే సంగతి. ఐపీ 169.254తో మొదలైతే చాలు, డ్రైవర్ పీకి మళ్లీ వేస్తారు. ఒకటికి మూడుసార్లు! ఆ అంకె కనిపించిందంటే డ్రైవర్ ఎక్కింది, కార్డు లేచింది, డీహెచ్‌సీపీని (ఐపీలు పంచే సర్వర్‌ని) ఐపీ అడిగింది, జవాబు రాలేదు, చివరికి తనకు తానే ఒకటి పెట్టుకుంది. బెల్ మోగుతోంది, ఇంట్లో మనిషి లేడు. బెల్ విప్పితే ఏం లాభం? హోస్ట్‌కి వెళ్లండి. లిబ్‌వర్ట్ (హోస్ట్‌లో వర్చువల్ మెషీన్లను నడిపించే సాఫ్ట్‌వేర్) డిఫాల్ట్ నెట్‌వర్క్ ఆగిపోయి ఉంటే ‘వర్ష్ నెట్-స్టార్ట్ డిఫాల్ట్’ చాలు. అది నడుస్తుంటే గెస్ట్‌కి 192.168.122తో మొదలయ్యే ఐపీ వస్తుంది. 10.0.2.15 వచ్చి, పింగ్ మాత్రం పోకపోతే టెన్షన్ పడకండి. అది క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రాం) యూజర్ మోడ్ నెట్‌వర్క్, అందులో పింగ్ తరచూ పనిచేయదు. బ్రౌజర్ తెరిచి చూడండి.

అభ్యాసం: ముందు స్నాప్‌షాట్ (మళ్లీ వెనక్కి రావడానికి మెషీన్ ఇప్పటి స్థితి) తీసుకోండి. ఒకసారి హోస్ట్‌లో నెట్‌వర్క్ ఆపి, మరోసారి గెస్ట్‌లో డ్రైవర్ తీసేసి, రెండుసార్లూ డివైస్ మేనేజర్‌లో, ‘ఐపీకాన్ఫిగ్’లో ఏం కనిపించిందో రాసుకోండి. తర్వాత రెండిట్లో ఒకటి మీకు తెలియకుండా మిత్రుడి చేత చెడగొట్టించి, ఏది చెడిందో గెస్ట్ లోపలి నుంచే చెప్పండి.