జవాబు ముందే చెప్పకుండా సైన్సు పాఠం చెప్పడం ఎలా?

అట్లతద్దికి చెట్టుకు కట్టిన ఊయల మీద అన్నయ్య ఊగినా, చెల్లెలు ఊగినా ఒకసారి వెళ్ళి రావడానికి పట్టే సమయం ఒకటేనా? ఈ ప్రశ్న క్లాసులో వేసి చూడండి, పిల్లలు రెండు జట్లుగా విడిపోతారు. అదే లఘులోలకం (దారానికి కట్టి ఊపే చిన్న బరువు) పాఠాన్ని నిర్వచనంతో మొదలుపెట్టారంటే నోటుబుక్కులు తెరుచుకుంటాయి, నోళ్ళు మూసుకుంటాయి. పిల్లలే ప్రయోగం చేసి జవాబు కనుక్కునే అన్వేషణ పద్ధతికి ఇంతకంటే సులువైన పాఠం నాకు తెలియదు. రెండు పీరియడ్లు కేటాయించుకోండి.

కావలసినవి

అయిదుగురికో గుంపు. ఒక్కో గుంపుకు ఒకటిన్నర మీటరు గట్టి దారం, సైకిల్ షాపులో దొరికే ఒకే సైజు నట్లు మూడు, ఒక పిన్నీసు, స్కేలు. క్లాసు మొత్తానికి ఒక్క గడియారం చాలు. ల్యాబ్ లేదని ఆగిపోకండి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూ మొదలైన సైన్సు కార్యక్రమం, ఇలాంటి చవక సామానుతోనే 2002 దాకా నడిచింది.

ముందు ఊహలు

బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుందా, వేగం పెరుగుతుందా, మారదా? చేతులెత్తించి ఓట్లు నల్లబల్ల మీద రాయండి. ప్రతి జట్టునూ “ఎందుకలా అనుకుంటున్నారు?” అని అడగండి. “బరువైంది గబుక్కున కిందికొస్తుంది కదా సార్” అంటాడొకడు. అప్పుడు తల ఊపకండి, నవ్వకండి. పిల్లలు మన ముఖం చూసే జవాబు పట్టేస్తారు. ఒక్కసారి పట్టేశారా, ఇక ప్రయోగం మొక్కుబడే.

ఎలా తేల్చాలో వాళ్ళనే చెప్పనివ్వండి

దారం ఒక కొసకు పిన్నీసు కట్టి, దానికి నట్టు తగిలిస్తారు. రెండో కొసను బెంచీ అంచున పెట్టి పైన పుస్తకాల బరువు ఉంచితే లోలకం తయారు. పొడవు అంచు నుంచి నట్టు మధ్య వరకు కొలవాలి. మీరు “మొదలు” అనగానే అందరూ వదులుతారు, 30 సెకన్లకు మీరే “ఆపండి” అంటారు. ఎన్ని ఊపులో లెక్కపెట్టడమే పని; ఒకసారి వెళ్ళి వస్తే ఒక ఊపు. కొంచెమే పక్కకు లాగి వదలమనండి. 60 డిగ్రీల దాకా లాగితే ఒక్కో ఊపుకు సుమారు 7 శాతం ఎక్కువ సమయం పడుతుంది.

25 సెంటీమీటర్ల దారానికి 30 ఊపులు రావాలి. ఒక గుంపు 31 అంటుంది. వదిలేటప్పుడే “ఒకటి” అనేసి ఉంటారు. తప్పని చెప్పకండి, పక్క గుంపుతో కలిసి లెక్కపెట్టమనండి. వదిలేటప్పుడు “సున్నా” అనాలని వాళ్ళే కనిపెడతారు. ఇంకో గుంపు బరువూ పొడవూ రెండూ ఒకేసారి మార్చేస్తుంది. “మరి లెక్క తగ్గింది దేనివల్ల?” అని అడిగి పక్కకు వెళ్ళిపోండి.

ఒకసారి మా క్లాసులో ఒక గుంపుకు మూడు నట్లతో 28 ఊపులే వచ్చాయి. బరువు పెరిగితే నెమ్మదిస్తుందని గట్టిగా రాసేసుకున్నారు. నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకుని, మిగతా వాళ్ళను పిలిచి చూడమన్నాను. ఒక పాప వంగి చూసి, “మీరు నట్టు కింద నట్టు వేలాడదీశారు. బరువు కిందికి దిగిపోయింది, దారం పొడుగైనట్టే గదా!” అంది. మూడింటినీ ఒకే పిన్నీసుకు గుచ్చారు. మళ్ళీ 30. ఆ రెండు ఊపుల తేడా నేర్పినదాన్ని నేను బోర్డు మీద ఎంత వివరంగా రాసినా నేర్పలేకపోయేవాణ్ణి.

రెండో పీరియడ్

ఇప్పుడు పొడవు ఒక్కటే మార్చండి. 50 సెంటీమీటర్లకు దాదాపు 21, మీటరుకు 15 వస్తాయి. మీటరు దారాన్ని కిటికీ ఊచకు కట్టుకోవాలి, బెంచీ ఎత్తు చాలదు. అన్ని గుంపుల అంకెలూ ఒకే పట్టికలో రాయించి, కాసేపు ఊరుకోండి. పొడవు నాలుగింతలైతే ఊపులు సగమయ్యాయని ఎవరో ఒకరు అంటారు. డోలనం (ఒక ఊపు), ఆవర్తన కాలం (ఒక ఊపుకు పట్టే సమయం) అనే మాటలు అప్పుడు చెప్పండి. అప్పటికి ఆ మాటలకు పిల్లల దగ్గర అర్థం సిద్ధంగా ఉంటుంది.

పరీక్షలో కూడా నిర్వచనం అడగకండి. హోషంగాబాద్‌లో పుస్తకం తెరిచి చూసుకుని రాసేవాళ్ళు, ప్రయోగమూ చేసి చూపేవాళ్ళు. మీరు ఒక తప్పు అంకె ఉన్న పట్టిక ఇచ్చి, ఆ గుంపు ఎక్కడ పొరపాటు పడి ఉంటుందో రాయమనండి.

గంట కొట్టే ముందు ఎవరైనా “ఊయల మీద నిలబడి ఊగితే?” అని అడగొచ్చు. అడగకపోతే మీరే అడగండి. దాన్ని నల్లబల్ల మూలన రాసి, రేపటిదాకా చెరపకుండా ఉంచండి.