తివాచీ మీది మరకలకు, పెంపుడు జంతువుల మూత్రానికి చిన్న కార్పెట్ క్లీనరును వాడే పద్ధతి

విజయవాడ, గుంటూరు ఇళ్లలో నేలంతా పరిచిన తివాచీలు అరుదు. పాలరాయి లేదా టైల్సు మీద హాలులో ఒక తివాచీ, గుడ్డ కవరున్న సోఫా, భోజనాల బల్ల దగ్గర మెత్తటి కుర్చీలు, కారులో సీట్లు ఉంటాయి. వీటిలో ఏదీ బకెట్టులో నానబెట్టి ఉతకగలిగినది కాదు. ఇంట్లో చంటిపిల్లలు గానీ, కుక్క, పిల్లి గానీ ఉంటే వీటి మీద మరక పడని వారం ఉండదు. చేత్తో మోసుకుపోగల చిన్న కార్పెట్ క్లీనరు ఈ అవసరానికి తయారైనదే. కానీ కొన్నవారిలో చాలామంది దాన్ని నీళ్లు చల్లి రుద్దే పరికరంగా చూస్తున్నారు. చల్లిన నీటిని మురికితో సహా ఎంతవరకు వెనక్కి లాగగలిగామన్నదే ఇందులో అసలు సంగతి. నీరు లోపల మిగిలిపోతే మరక మళ్లీ పైకి వస్తుంది, వాసన పుడుతుంది, కొన్నాళ్లకు బూజు పడుతుంది.

యంత్రంలో రెండు ట్యాంకులుంటాయి. ఒకదానిలో శుభ్రమైన నీరు, ఈ యంత్రం కోసమే తయారైన ద్రావకం (మురికిని వదల్చే ద్రవం) పోస్తాము. గొట్టం చివర ఉన్న మీట నొక్కితే ఆ నీరు బట్ట మీదికి చిమ్ముతుంది. అక్కడే ఉన్న కుంచెతో నెమ్మదిగా రుద్ది, మీట వదిలి, మూతిని బట్టకు ఆనించి వెనక్కి లాగితే మురికినీరు గొట్టం గుండా రెండో ట్యాంకులోకి చేరుతుంది. దీన్ని ఆవిరితో శుభ్రం చేసే యంత్రంతో పోల్చకూడదు. ఇందులో ఆవిరి పుట్టదు, మరిగే నీరు పోయకూడదు. గోరువెచ్చని నీటితోనే చాలా మరకలు వదులుతాయి, కొన్నింటికి చల్లని నీరే మేలు.

మన ప్రాంతంలో చెప్పి తీరవలసిన జాగ్రత్త ఒకటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు ఈ యంత్రాన్ని అక్కడినుంచి తెచ్చి ఇవ్వడం ఇక్కడ మామూలే. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230 వోల్టులు. కేవలం ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు పెట్టి స్విచ్ వేస్తే మోటారు కాలిపోతుంది. వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, అదీ యంత్రం వాట్లకు మించిన సామర్థ్యం ఉన్నది, తప్పనిసరి. దాని బరువు, ఖర్చు ఆలోచిస్తే ఇక్కడి కరెంటుకు తయారైన యంత్రాన్ని ఇక్కడే కొనడం మంచిదని నా అభిప్రాయం. ఏదైనా సరే, ఎర్తింగు ఉన్న ప్లగ్గులోనే పెట్టాలి. పక్కన నీరు ఒలికే పని కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద వదలకూడదు.

యంత్రం కొన్నాం కదా అని ఇంట్లోని ప్రతి వస్తువు మీదా వాడకూడదు. జంబుఖానాలు, నేల మీద పరిచే పలుచని నూలు గుడ్డలను మామూలుగా ఉతికి ఎండలో వేయడమే నయం. బూరుగు దూది పరుపు జోలికి అసలు వెళ్లవద్దు, ఎందుకంటే ఆ దూదిలోకి దిగిన నీటిని ఈ చిన్న మోటారు బయటికి లాగలేదు, లోపల ఉండలు కట్టి కుళ్లు వాసన వస్తుంది. ఏలూరు తివాచీ వంటి ఉన్ని తివాచీ ఇంట్లో ఉంటే దాని విషయంలో ప్రత్యేకమైన శ్రద్ధ కావాలి. ఉన్ని కూడా వెంట్రుక లాంటి ప్రోటీనే కాబట్టి బ్లీచింగు ద్రవం దాన్ని తినేస్తుంది, ఘాటైన సబ్బు గరుకుగా మారుస్తుంది, వేడి నీరు ముడుచుకుపోయేలా చేస్తుంది. ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్ ద్రవాలు కూడా ఉన్నిని బలహీనపరచగలవు. అందువల్ల సీసా మీద ఉన్నికి పనికివస్తుందని రాసి ఉన్న ద్రావకాన్నే, చల్లని నీటితో, అతి తక్కువ తడితో వాడాలి. తాతల కాలంనాటి తివాచీ అయితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా తివాచీల పని తెలిసినవారికి ఇవ్వడమే దానికి మనం చేయగల న్యాయం. సోఫా కవరు మీద చీటీ ఉంటే చదవాలి. దాని మీద డబ్ల్యూ అక్షరం ఉంటే నీటితో శుభ్రం చేయవచ్చు. ఎస్ అక్షరం మాత్రమే ఉంటే నీరు తగలకూడదు, ఎక్స్ ఉంటే పొడి వాక్యూమ్ తప్ప మరేదీ కూడదు.

చీటీ లేకపోతే మనమే పరీక్షించాలి. సోఫా వెనకవైపున గానీ, తివాచీ మూలన గానీ, కంటపడని చోట ద్రావకం కొద్దిగా తడిపి, కాసేపాగి, తెల్లని నూలు గుడ్డతో గట్టిగా అద్దాలి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపేయాలి.

ఇక పని మొదలుపెట్టే క్రమానికి వస్తే, మరక పడిన వెంటనే యంత్రం కోసం పరుగెత్తనవసరం లేదు. గట్టి పదార్థం ఉంటే చెంచా అంచుతో పైకి తీయాలి, తడి ఉంటే పాత నూలు గుడ్డతో అద్దాలి. రుద్దితే మరక పోగుల మొదళ్లలోకి దిగి వెడల్పవుతుంది. తరువాత ఆ చుట్టుపక్కల మామూలు వాక్యూమ్‌తో దుమ్ము, వెంట్రుకలు తీసేయాలి, ఎందుకంటే దుమ్ము మీద నీరు చల్లితే బురదవుతుంది, జంతువుల వెంట్రుకలు గొట్టం మూతికి అడ్డుపడతాయి. అప్పుడు ట్యాంకులో సీసా మీద సూచించిన కొలత మేరకే ద్రావకం పోయాలి. బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే లిక్విడ్ ఇందులో పోయకూడదు. అవి విపరీతంగా నురగ కడతాయి. ఆ నురగ మురికి ట్యాంకు నిండి మోటారు వైపు పాకుతుంది. బట్టలో మిగిలిన సబ్బు జిగురై, శుభ్రం చేసిన చోటే మళ్లీ మురికి పేరుకుంటుంది. బోరు నీరు ఉప్పగా ఉన్న ఇళ్లలో మున్సిపల్ కుళాయి నీరు గానీ, తాగే నీరు గానీ పోస్తే ద్రావకం సరిగ్గా పనిచేస్తుంది, చిమ్మే రంధ్రాల్లో తెల్లని పొలుసు కట్టదు.

మరక అంచునుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి. కొద్దిగా చిమ్మి, కొన్ని నిమిషాలు ఆగి, కుంచెతో తేలికగా కదిపి, మీట వదిలేసి మూతిని ఒత్తి పట్టి నెమ్మదిగా లాగాలి. ఈ నెమ్మది చాలా ముఖ్యం. పారదర్శకంగా ఉండే మూతిలోంచి చూస్తే నీరు పైకి వస్తూ కనబడుతుంది. అది కనబడడం మానేసేదాకా ఒకే చోట పదేపదే లాగాలి. చిమ్మిన ప్రతిసారికీ కనీసం రెండు మూడు సార్లు ఉత్తినే పీల్చడం అలవాటు చేసుకోవాలి. చివరగా ద్రావకం లేని మంచినీటితో ఒకసారి కడిగి, మళ్లీ పూర్తిగా లాగాలి. ఈ చివరి కడుగుడును చాలామంది వదిలేస్తారు. నాలుగు రోజుల తరువాత అదే చోట తివాచీ కాళ్లకు అతుక్కున్నట్టు అనిపిస్తే కారణం ఇదే.

మన వంటింటి మరకల్లో మొండివి పసుపు, నూనె కలిసినవి. ఆవకాయ, గోంగూర పచ్చడి, పులుసు ఒలికినప్పుడు ముందు నూనె సంగతి చూడాలి. మొక్కజొన్న పిండి గానీ టాల్కం పౌడరు గానీ మందంగా చల్లి, అరగంటకు పైగా వదిలి, నూనె పీల్చుకున్న పిండిని పొడి వాక్యూమ్‌తో తీసేయాలి. ఆ తరువాతే యంత్రం. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడి పారాణి అవుతుందన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. సబ్బుల్లో, వంటసోడాలో ఉండే క్షార గుణం కూడా పసుపును అలాగే ఎర్రగా మారుస్తుంది. మరక ఎర్రబడిందని కంగారుపడి ఇంకా సబ్బు వేయకుండా, ఒక వంతు తెల్ల వెనిగరుకు రెండు వంతుల నీరు కలిపి అద్దితే అది తిరిగి పసుపు రంగుకు వస్తుంది. అప్పుడు క్షారం తక్కువగా ఉండే ద్రావకంతో కడగాలి. కడిగాక మిగిలే లేత పసుపు ఛాయకు ఎండే మందు, ఎందుకంటే పసుపులోని రంగు పదార్థం వెలుతురుకు విరిగిపోతుంది. తివాచీని డాబా మీదికి తీసుకుపోయి ఒకటి రెండు పూటలు ఎండలో ఉంచితే యంత్రం వదల్చలేని ఛాయ కూడా చాలావరకు వెలిసిపోతుంది. తివాచీ సొంత రంగులు కూడా వెలిసే ప్రమాదం ఉంది కనుక మరక ఉన్న భాగం తప్ప మిగతాది దుప్పటితో కప్పాలి.

కుంకుమ రాలితే తడి తగలనివ్వకుండా ముందు పొడి వాక్యూమ్‌తోనే మొత్తం తీయాలి. కాఫీ, టీ మరకలకు అదే పలుచని వెనిగరు పనికొస్తుంది. అయితే పాలు కలిసినవి కాబట్టి వేడి నీరు వద్దు. పాలు, పెరుగు, గుడ్డు, నెత్తురు, వాంతి అన్నీ ప్రోటీన్ ఉన్న మరకలు. వేడి తగిలితే ఆ ప్రోటీన్ గడ్డకట్టి పోగును పట్టుకుంటుంది, ఆ తరువాత దాన్ని వదల్చడం కష్టం.

పెంపుడు జంతువుల విషయానికి వస్తే, కుక్క లేదా పిల్లి మూత్రం పైన చూపే మరక కంటే లోపల చాలా ఎక్కువ మేర పాకుతుంది. పైన అరచేయంత కనబడితే, అడుగున పళ్లెమంత ఉందనుకుని పని చేయాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోవడం మరవకూడదు. వానాకాలంలో కుక్కల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు మనుషులకు సోకే అవకాశం ఉంది. గర్భిణులు పిల్లి మలాన్ని ముట్టుకునే పని పెట్టుకోకూడదు.

మూత్రం పచ్చిగా ఉన్నప్పుడు నీరు చిమ్మకుండా యంత్రంతో ఉత్తినే పీల్చాలి. వచ్చినంతా వచ్చాక చల్లని నీరు కొద్దిగా చిమ్మి మళ్లీ పీల్చాలి. అప్పుడు పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రవాన్ని, మరక కంటే వెడల్పుగా, మూత్రం దిగినంత లోతుకు దిగేలా పోయాలి. ఎంజైములు తడిలోనే పనిచేస్తాయి. ఫ్యాను కింద ఐదు నిమిషాల్లో ఆరిపోతే సీసా డబ్బు వృథా అయినట్టే. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, సీసా మీద చెప్పినంతసేపు వదిలి, ఆ తరువాతే మంచినీటితో కడిగి లాగాలి. ముందే డెట్టాలు, ఫినాయిలు, ఘాటు సబ్బు వాడి ఉంటే ఎంజైముల బలం తగ్గుతుంది. కాబట్టి వాటిని మొదట నీటితో పూర్తిగా తీసేయాలి.

ఫినాయిలు గురించి ఇంకొక్క మాట. పిల్లులు ఫినాల్ జాతి పదార్థాలను శరీరంలో సరిగ్గా విడగొట్టుకోలేవు. ఫినాయిలు పడిన తివాచీ మీద పడుకుని, తరువాత ఒళ్లు నాక్కునే పిల్లికి అది విషం. బ్లీచింగు ద్రవమైతే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులను పుట్టిస్తుంది. నాఫ్తలిన్ గోలీలు కుక్కలకు, పిల్లులకు కూడా విషమే. వాసన పోగొట్టడానికి ఈ మూడింటిలో ఏదీ వాడవద్దు.

శుభ్రం చేసిన తివాచీ ఎండాకాలమంతా బాగానే ఉండి, జూలైలో తొలి ముసురు పట్టగానే మళ్లీ కంపు కొడుతుందని చాలామంది వాపోతారు. మూత్రపు లవణాలు అడుగున మిగిలి, గాలిలోని తేమను పీల్చుకోవడమే దీనికి కారణం. పాత మరకలు ఎక్కడున్నాయో తెలియకపోతే రాత్రిపూట దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేసి చూడాలి, మూత్రపు మరకలు మెరుస్తాయి. సబ్బు మిగిలిన చోటు కూడా మెరవవచ్చు కాబట్టి ముక్కుతో నిర్ధారించుకోవాలి. ఆ చోట్లను చల్లని నీటితో కాస్త తడిపి, ఎంజైమ్ ద్రవంతో మొదటినుంచి చేయాలి. ఇంట్లో అలవాటు పడిన కుక్క ఉన్నట్టుండి లోపలే మూత్రం పోస్తుంటే కొట్టకండి. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షను, మధుమేహం, కిడ్నీ జబ్బు వల్ల కూడా అలా జరుగుతుంది. దగ్గర్లోని పశువైద్యునికి గానీ, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో గానీ చూపించాలి.

ఆరబెట్టడం మీద మన వాతావరణం ప్రభావం చాలా ఉంటుంది. మే నెల ఎండల్లో తివాచీ పైభాగం త్వరగా ఆరిపోతుంది, అడుగున మాత్రం తడి ఉంటుంది. ఆ తడి పైకి వస్తూ లోపలి మురికిని కూడా తెస్తుంది, మరుసటి రోజుకు పాత మరక నీడలా మళ్లీ కనబడుతుంది. అందుకే పీల్చడం అయ్యాక తెల్లని తువ్వాలు మడతపెట్టి, మరక మీద పరిచి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచితే పైకి వచ్చే మురికిని తువ్వాలే పీల్చుకుంటుంది. వానాకాలంలో సమస్య వేరు. టైల్సు మీద పరిచిన తివాచీ అడుగుకు గాలి తగలదు. పని పూర్తి కాగానే దాన్ని లేపి రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద పరిచి, ఫ్యాను అడ్డంగా తగిలేలా పెట్టాలి. అడుగు కూడా పొడిగా తగిలేదాకా నేల మీద వేయకూడదు. ముసురు పట్టిన రోజున అత్యవసరమైతే తప్ప ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

పని ముగిసిన రోజే యంత్రాన్ని కడగాలి. మురికినీటిని వాష్‌బేసినులోనో మొక్కల కుండీలోనో పారబోయకుండా మరుగుదొడ్డిలో పోయాలి. తరువాత బకెట్టులో మంచినీరు పెట్టి, గొట్టం మూతితో ఆ నీటిని పీల్పిస్తే గొట్టం లోపలి మురికి ట్యాంకులోకి వచ్చేస్తుంది. మూతిని విడదీసి వెంట్రుకలు తీసి, ట్యాంకులు సబ్బుతో కడిగి, మూతలు తెరిచి ఆరనివ్వాలి. గొట్టాన్ని చుట్టకుండా ఒక రోజు తలుపు మీద వేలాడదీస్తే లోపలి నీరు కారిపోతుంది. శుభ్రమైన నీటి ట్యాంకులో మిగిలిన ద్రావకాన్ని కూడా పారబోయాలి, వచ్చేసారి కొత్తగా కలుపుకోవాలి.