గ్యాస్ సంగతి తర్వాత, ముందు గాలి చూడండి: ఇంటి ఏసీ ఎంపిక, నిర్వహణ

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని లోపలి పైపుల చుట్ట, అంటే కాయిల్‌తో పట్టుకుని బయటి కాయిల్ దగ్గర వదిలేస్తుంది. ఆ క్రమంలోనే గాలిలోని తేమను నీరుగా మార్చి డ్రెయిన్ పైపులోకి పంపుతుంది. రెండు కాయిళ్ల మీదుగా గాలి ధారాళంగా ఆడినంత కాలం దానికి పెద్దగా జబ్బు చేయదు.

ముందు సైజు తేల్చుకోండి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం), అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోడే శక్తి. వేడి ప్రాంతాల్లో పదడుగుల ఎత్తున్న గదికి 120 చదరపు అడుగుల వరకు ఒక టన్ను, 180 వరకు ఒకటిన్నర టన్ను అనేది మొదటి అంచనా. పై స్లాబు నేరుగా ఎండకు కాగుతున్నా, పడమటి గోడకు పెద్ద అద్దాల కిటికీ ఉన్నా ఆ పై సైజుకు వెళ్లాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే ఒక్కో అదనపు మనిషికి మరో 600 బీటీయూ కలపండి.

ఎందుకైనా మంచిదని మరీ పెద్దది కొనకండి. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది; తేమ లాగడానికి దానికి సమయం చాలదు. చలి వేస్తున్నా ఒళ్లు జిడ్డుగా, పక్క చెమ్మగా అనిపించేది అందుకే. ఇన్వర్టర్ రకంలో కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పే యంత్రం) వేగం తగ్గించుకుని ఆగకుండా నడుస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. రోజూ ఏడెనిమిది గంటలు వాడేవారికి అదే సరైనది. అప్పుడప్పుడు గంటో రెండు గంటలో వేసే గదికి మామూలు రకం సరిపోతుంది, రిపేరూ సులువు.

పైపుల్లో తిరుగుతూ వేడిని మోసే గ్యాస్ ఏదో కూడా చూడండి. ఆర్‌-22ను ఓజోన్ పొరకు చేటని మాంట్రియల్ ఒప్పందం కింద తొలగిస్తున్నారు. పాత యంత్రం చవకగా వస్తున్నా ఆ గ్యాస్ ఉంటే వద్దనుకోండి. ఆర్‌-32కు భూతాపాన్ని పెంచే గుణం ఆర్‌-410ఏ అనే మరో గ్యాస్‌లో మూడో వంతే. కాకపోతే ఆర్‌-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది. పైపుల్లో అది ఉండగా వెల్డింగ్ మంట దగ్గరికి రానివ్వకూడదు. కాయిల్ రాగిదైతే చిల్లు పడినా అతికించుకోవచ్చు. అల్యూమినియంకు చాలాసార్లు కాయిల్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

మంచి ఏసీలు పాడయ్యేది ఎక్కువగా బిగించే రోజునే. ఆ పూట మెకానిక్ పక్కనే నిలబడండి. పైపులు కలిపాక వాటిలోని గాలినీ తేమనూ వాక్యూమ్ పంపుతో లాగేయాలి. కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు. పంపు ఆపి వాల్వు మూశాక గేజి ముల్లు కదలకుండా నిలవాలి. పైకి లేస్తే ఎక్కడో లీకుంది, లేదా తేమ మిగిలింది. కొందరు పంపు తేకుండా, కొంచెం గ్యాస్ వదిలి దాంతోనే గాలిని తోసేస్తారు. అలా మిగిలిన తేమ కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోపలి మోటారు తీగచుట్టను (వైండింగు) తినేస్తుంది. ఆ ఫలితం రెండు మూడేళ్లకు బయటపడవచ్చు. పంపు లేదంటే ఆ రోజు పని వద్దనండి.

డ్రెయిన్ పైపు మీటరుకు ఒక సెంటీమీటరైనా వాలుగా దిగాలి, దాని కొస బకెట్ నీళ్లలో మునిగి ఉండకూడదు. ఔట్‌డోర్ యూనిట్ వదిలిన వేడి గాలి గోడకు తగిలి మళ్లీ దానిలోకే వెళ్లే ఇరుకు బాల్కనీ పనికిరాదు. కరెంటుకు విడిగా ఒక లైను, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్చి) ఉండాలి. ప్లగ్గు నల్లబడితే లోపల వైరు వదులైందన్నమాట. సాకెట్‌తో సహా మార్చాలి.

వాడే రోజుల్లో రెండు వారాలకోసారి ఫిల్టర్ జాలీలు తీసి కుళాయి నీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. దాని వెనకే ఉండే బ్లోయర్ చక్రాన్ని చాలామంది మరిచిపోతారు. రెక్కల అంచున మట్టి పేరుకుంటే గాలి సగానికి పడిపోతుంది. టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. ఔట్‌డోర్ కాయిల్‌ను ఎంసీబీ ఆపి మామూలు నీటి గొట్టంతో నిదానంగా కడగాలి. ప్రెషర్ పంపు కొడితే సన్నటి రేకులు వంగి గాలికి దారి మూసుకుపోతుంది.

లోపల మంచు గడ్డకడితే వెంటనే గ్యాస్ మీద అనుమానపడకండి. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో పెట్టి కరగనివ్వండి, జాలీ, బ్లోయర్ కడిగి మళ్లీ చూడండి. పావుగంట నడిచాక లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం బాగానే ఉంది. అన్నీ శుభ్రంగా ఉండి కూడా మళ్లీ గడ్డకడితే అప్పుడు చాలావరకు గ్యాస్ తక్కువైనట్టు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు, మూసిన పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే కారుతోందనే అర్థం, ఎక్కువగా పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర. సబ్బు నురగ రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో పట్టుకుని, బిగించి, వాక్యూమ్ చేసి, యంత్రం మీది స్టిక్కర్‌లో రాసిన గ్రాముల లెక్కన కాటా పెట్టి నింపాలి. లీకు వెతక్కుండా ఏటా గ్యాస్ కొట్టించడం డబ్బు గాలికి వదలడమే.

మామూలు ఏసీలో ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ మాత్రం హుమ్మని మూలిగి ఆగిపోతుంటే తరచుగా తప్పు కెపాసిటర్‌ది. కంప్రెసర్ కదలడానికి ఊపునిచ్చే చిన్న భాగమే, కానీ కరెంటు తీసేసినా దానిలో చార్జి మిగిలి షాక్ కొడుతుంది. దాన్ని మెకానిక్‌కే వదలండి. గోడ వెంట నీరు కారితే లోపలి కాయిల్ కింద నీరు పట్టే ట్రేలో అర లీటరు నీళ్లు పోసి బయట కొస దగ్గర చూడండి. రాకపోతే పైపులో పాచి అడ్డుపడింది, బయటి కొస నుంచి వాక్యూమ్ క్లీనర్‌తో లాగితే వచ్చేస్తుంది. పాచి వాసన వస్తుంటే ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి కాయిల్ ఆరనివ్వండి. కొన్ని నెలలు వాడకపోతే ఒక పూటంతా అలాగే ఆరబెట్టి, ఎంసీబీ దించి, రిమోట్ బ్యాటరీలు తీసి పెట్టండి.