చర్చిలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు విడిగా తరగతి ఎలా నడపాలి?

ఆదివారం ఆరాధన మన సంఘాల్లో చాలాచోట్ల రెండు గంటలు దాటుతుంది. అంతసేపు మూడేళ్ల బిడ్డ చాప మీద కదలకుండా కూర్చోవడం కుదరని పని. కాసేపు అమ్మ కొంగు లాగుతాడు, కాసేపు బయటికెళ్లి ఇసుకలో ఆడతాడు, చివరికి ఎవరో ఒకరు కసురుతారు. మందిరం అంటే తిట్లు తినే చోటని ఆ వయసులోనే మనసులో పడిపోతుంది. సండే స్కూల్ ఉన్నా, పదేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే వీళ్లకు ఏమీ అందదు. అందుకే ప్రసంగం జరిగే గంటా పావు సేపు వీళ్లకు వేరే తరగతి పెట్టండి. ఓపిక ఉన్న మనుషులు నలుగురు, ఒక గది ఉంటే చాలు.

1. ముందు మనుషులను కుదుర్చుకోండి

పాస్టరు గారితో, సంఘ పెద్దలతో మాట్లాడి ఒప్పుకోలు తీసుకోండి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. పిల్లలు పది దాటితే మూడో మనిషి కావాలి. నలుగురు ఎందుకంటే, ఒక జంట ఈ నెల తరగతి చూస్తే మరో జంట లోపల వాక్యం వింటుంది. ప్రతివారం ఒకరే చూస్తుంటే ఆరు నెలల్లో అలిసిపోయి మానేస్తారు.

ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ఎంత నమ్మకస్తులైనా సరే, ఏ పెద్దవాళ్లూ ఒక బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. బాత్రూమ్‌కు తల్లినే పిలవండి. తీసుకొచ్చినవాళ్లకే బిడ్డను తిరిగి అప్పగించండి. పిల్లల మీద లైంగిక నేరాలకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది, అది చర్చి గదికీ వర్తిస్తుంది. టీచర్లందరికీ ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

2. గది చూసుకోండి

కింది అంతస్తులో, స్పీకర్లకు దూరంగా ఉన్న గది అయితే మంచిది. మీరు నేలమీద కూర్చుని ఆ ఎత్తు నుంచి చూడండి: చేతికందే ప్లగ్గు, మేడ మెట్లు, మూత సరిగ్గా లేని సంపు, అన్నీ అప్పుడే కనిపిస్తాయి. కుర్చీలు వద్దు, చాపలు చాలు.

ఒక రిజిస్టర్ పెట్టి బిడ్డ పేరు, వయసు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, పడని తిండి ఏమైనా ఉంటే అది రాయండి. ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు తల్లిదండ్రులను అడగాలి.

పక్కింటి పిల్లలు, వేరే మతం వాళ్ల పిల్లలు కూడా రావచ్చు. ఇక్కడ బైబిల్ కథలు చెబుతామని వాళ్ల అమ్మానాన్నలకు ముందే చెప్పి, సరేనంటేనే కూర్చోబెట్టండి. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడుల్లో మతబోధకు పిల్లల సంరక్షకుల అంగీకారం ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. మనది బడి కాదు. అయినా ఆ పద్ధతే మర్యాద.

3. గంటా పావును ముక్కలు చేయండి

మొదటి పావుగంట ఆట. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆడుకుంటారు, ఏడుపులు సర్దుకుంటాయి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక చెంచా నూనె, తగినన్ని నీళ్లు కలిపి చపాతీ ముద్దలా చేయండి. పసుపు వేస్తే పసుపురంగు, బీట్‌రూట్ రసం పోస్తే గులాబీ రంగు వస్తుంది. బజారు బొమ్మల కంటే దీనితోనే ఎక్కువసేపు ఆడతారు.

తర్వాత పది నిమిషాలు పాటలు. చేతులు ఊపేవి, గెంతేవి రెండే పాటలు తీసుకుని నెలంతా అవే పాడండి. పెద్దవాళ్లకు విసుగు పుడుతుంది కానీ పిల్లలకు తెలిసిన పాట రావడమే సంబరం. ఆ తర్వాత ఒక్క నిమిషం ప్రార్థన, ఏడెనిమిది నిమిషాలు కథ, పావుగంట చేతిపని, తినడానికి పది నిమిషాలు. మిగిలింది మళ్లీ ఆట.

తినడానికి అరటిపండు, మెత్తని బిస్కెట్లు పెట్టండి. ఐదేళ్లలోపు వాళ్లకు పల్లీలు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. ద్రాక్షపళ్లయితే నిలువుగా చీల్చి ఇవ్వాలి.

4. ఒక కథ, ఒక్క మాట

ఈ తరగతికి ప్రాణం ఇదే. నెలకు ఒక కథ చాలు. తప్పిపోయిన గొర్రె కథ తీసుకోండి (లూకా 15). దూదితో పది గొర్రెలు చేసి, ఒకదాన్ని పిల్లలు రాకముందే గదిలో దాచండి. భుజాన గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని గొర్రెలను లెక్కపెట్టండి. "అయ్యో, ఒకటి లేదే!" అంటే చాలు, గదంతా వెతకడం మొదలుపెడతారు. దొరికాక చప్పట్లు కొట్టించి, పక్క ఇళ్లవాళ్లను పిలిచినట్టు నటించమనండి. రెండో వారం ఇంకో చోట దాచండి. మూడో వారానికి కథ వాళ్లే మీకు చెబుతారు.

చివర్లో "కాబట్టి మీరు అమ్మమాట వినాలి" అని తగిలించకండి. ఆ కథ గొర్రె తప్పు గురించి కాదు, వెతికిన కాపరి గురించి. "నువ్వు కనబడకపోతే దేవుడు వెతుక్కుంటూ వస్తాడు" అనే ఒక్క మాట వాళ్లకు అందితే ఆ నెల పని అయిపోయినట్టే.

జమ్ము పెట్టెలో పసివాడు మోషే, ఐదు రొట్టెలు రెండు చేపలు, మేడిచెట్టు ఎక్కిన జక్కయ్య, తుఫాను ఆగడం కూడా ఈ వయసుకు సరిపోతాయి. ఇస్సాకు బలి, గొల్యాతు తల నరకడం, నరకం, సాతాను ఇప్పుడు వద్దు. నేను మొదటి ఏడాది నోవహు కథలో జనం మునిగిపోవడం కూడా వివరంగా చెప్పాను. ఒక పాప ఆ వానాకాలమంతా చినుకు పడితే ఏడ్చేదట. వాళ్లమ్మ చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. ఇప్పుడు ఓడ, జంతువులు, ఇంద్రధనుస్సు వరకే చెబుతున్నాను.

బైబిల్లోని గ్రాంథిక భాష వీళ్లకు అర్థం కాదు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. కంఠత వాక్యం కూడా చిన్నదే ఉండాలి. "దేవుడు ప్రేమాస్వరూపి" అనే రెండు మాటలు ఒక నెలకు చాలు.

సుమారు 1770 నుంచి ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతపు కొండపల్లెల్లో ఓబర్లిన్ అనే లూథరన్ పాస్టరు, తల్లిదండ్రులు పనిలో ఉండగా పసిపిల్లలను చేరదీసే బళ్లు నడిపించారు. అక్కడ యువతులు అల్లిక నేర్పుతూ, బొమ్మలు చూపిస్తూ, పాటలు పాడించేవారు. చిన్నపిల్లలకు చేతులతో, పాటలతో నేర్పాలన్నది మన సంఘాలకు కొత్త సంగతేమీ కాదు.

5. ఏడుపు వస్తే

మొదటి రెండు మూడు వారాలు తల్లి తలుపు దగ్గర కూర్చోవచ్చు. బిడ్డ చూడకుండా జారుకోవద్దని ఆమెకు చెప్పండి. "పాట అయ్యాక వస్తాను" అని చెప్పి వెళ్లి, అన్నట్టే రావాలి. దొంగచాటుగా వెళ్తే తర్వాతి వారం ఏడుపు రెట్టింపవుతుంది.

క్రిస్మస్ ప్రోగ్రామ్‌లో మైకు ఇచ్చి వాక్యం చెప్పించాలని పెద్దలకు సరదా ఉంటుంది. అందరినీ గొర్రెలుగా, నక్షత్రాలుగా నిలబెట్టండి. భయపడిన బిడ్డను దించేయండి. బహుమతి ఇస్తే అందరికీ ఒకటే ఇవ్వండి.

6. తరగతి అయ్యాక

ఐదు నిమిషాలు కూర్చుని ఒక్కో బిడ్డ గురించి ఒక ముక్క రాసుకోండి: "ఈరోజు మొదటిసారి పాడాడు", "ఏమీ తినలేదు", "చెల్లి పుట్టిందట". వరుసగా రెండు వారాలు రాని బిడ్డ ఉంటే, ఆ వారంలోనే సాయంత్రం పూట వాళ్లింటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ బిడ్డ చేతిపనిలో సగంలో వదిలేసిన దూది గొర్రెను కూడా తీసుకెళ్లండి.