క్రూజ్ ఎక్కేముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

క్రూజ్ అనగానే అందరూ ముందు భయపడేది తుఫానుకి. ఓడ కెప్టెన్‌కి వాతావరణ సమాచారం ఎప్పటికప్పుడు అందుతూనే ఉంటుంది. తుఫాను వస్తోందంటే ఆయన దారి మార్చుకుంటాడు. చాలామంది ప్రయాణం చెడేది వేరే చోట. ఓడ బయల్దేరే రోజున ఎక్కిన విమానం ఆలస్యమవుతుంది, రోజూ వేసుకునే మాత్రలు పెద్ద సూట్‌కేసులో ఉండిపోతాయి, వీసా మీద ‘సింగిల్ ఎంట్రీ’ (ఒక్కసారే ప్రవేశం) అని ఉన్న సంగతి ఓడ ఎక్కే టెర్మినల్‌లో బయటపడుతుంది. ఇవన్నీ ఇంట్లో ఉండగానే సరిచేసుకోగలిగినవే.

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు ఉధృతి ఎక్కువ. ఆ నెలల్లో కరీబియన్ టికెట్లు చవగ్గా దొరికేది అందుకే. వెళ్లకూడదని కాదు గానీ, ఫలానా దీవి చూసి తీరాలన్న పట్టుదల ఉంటే మాత్రం వేరే నెల చూసుకోండి. రేవులు మార్చే హక్కు, ఒక రేవుని పూర్తిగా వదిలేసే హక్కు టికెట్ ఒప్పందంలోనే కంపెనీకి ఉంటాయి. అలా వదిలేస్తే మామూలుగా ఆ రేవు రుసుము మాత్రమే తిరిగి వస్తుంది. బీమా విషయంలో ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి: తుఫానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫాను నష్టాన్ని భరించదు. అందుకే టికెట్‌కి మొదటి వాయిదా కట్టిన వారంలోనే పాలసీ తీసుకోవడం మంచిది. ముందునుంచీ ఉన్న జబ్బులకు కవరేజీ రావాలన్నా మొదటి వాయిదా కట్టిన కొద్ది రోజుల్లోనే కొనాలని కొన్ని పాలసీలు గడువు పెడతాయి. పాలసీలో ‘మెడికల్ ఇవాక్యుయేషన్’ ఉందో లేదో తప్పక చూడండి. నడిసముద్రంలో గుండెపోటు వచ్చిన మనిషిని హెలికాప్టర్‌లోనో, దగ్గరి రేవు నుంచి ఎయిర్ అంబులెన్సులోనో తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు మొత్తం క్రూజ్ ఖర్చుకి ఎన్నో రెట్లుంటుంది. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ ఆయన ఫీజు విడిగా మీ గది ఖాతాలో పడుతుంది.

కాగితాల సంగతి. పాస్‌పోర్టు గడువు ప్రయాణం ముగిశాక కూడా ఆరు నెలలు మిగిలి ఉండాలి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. మధ్యధరా ప్రయాణంలో వీసాతో ఎక్కువమంది దెబ్బతింటారు: గ్రీస్‌లో ఎక్కి, మధ్యలో టర్కీలోని కుసదాసీలో ఆగి, మళ్లీ గ్రీస్‌కి వస్తే షెంజెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) దాటి తిరిగి ప్రవేశించినట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో వస్తే ఓడ ఎక్కనివ్వరు. దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, రేవుల జాబితా జతచేయండి. గర్భిణులకు చాలా కంపెనీల హద్దు ప్రయాణం ముగిసేనాటికి 24 వారాలు. పసిపిల్లలకు కనీసం ఆరు నెలలు నిండాలి. ఎక్కువ రోజులు వరసగా సముద్రం మీదే ఉండే ప్రయాణాలకైతే ఏడాది.

సీసిక్‌నెస్‌కి, అంటే ఓడ ఊపుకి కడుపులో తిప్పడానికి, సగం మందు గది ఎంచుకోవడంలోనే ఉంది. ఓడ పక్కలకి ఊగడాన్ని స్టెబిలైజర్లు (ఓడ కింది భాగంలో పక్కలకి ఉండే రెక్కలు) చాలావరకు తగ్గిస్తాయి. ఓడ ముందు భాగం పైకి లేచి కిందికి పడే ఊపుని మాత్రం అవి ఆపలేవు. ఆ ఊపు ఓడ ముందు కొస దగ్గరా, పై డెక్కుల్లోనూ (అంతస్తుల్లోనూ) ఎక్కువ. కాబట్టి కింది డెక్కులో, ఓడ పొడవుకి మధ్యలో ఉన్న గది తీసుకోండి. పైన బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు పోసి, మూడు రోజులు మంచం దిగలేకపోయేవాళ్లు ప్రతి ప్రయాణంలో ఉంటారు. గది నంబరు కంపెనీయే కేటాయించే ‘గ్యారంటీ’ టికెట్ చవకే, కానీ కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

కడుపులో తిప్పడం మొదలయ్యాక కన్నా, ముందే వేసుకుంటేనే మందు బాగా పనిచేస్తుంది. మెక్లిజిన్ మాత్ర అలల్లోకి వెళ్లడానికి ఓ గంట ముందు వేసుకోవాలి. మగత వస్తుంది, ఆ రోజు మద్యం వద్దు. చెవి వెనక అంటించే స్కోపోలమిన్ పట్టీ డాక్టరు రాస్తేనే వాడాలి. కనీసం నాలుగు గంటల ముందు అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది. గ్లకోమా ఉన్నవాళ్లకి అది పనికిరాదు, పెద్దవయసువాళ్లలో తికమక కలిగించవచ్చు. పట్టీ ముట్టుకున్న వేళ్లతో కన్ను నలుపుకుంటే ఆ కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. కంగారుపడి ఓడ డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లున్నారు. అంటించగానే సబ్బుతో చేతులు కడుక్కుంటే ఆ బెడద ఉండదు.

చేతులు కడుక్కోవడమంటే గుర్తొచ్చింది, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్. డైనింగ్ హాలు గుమ్మం దగ్గర చేతిలో పిచికారీ చేసే శానిటైజర్‌ని చాలామంది నమ్ముకుంటారు. ఈ వైరస్ మీద ఆల్కహాల్ జెల్ సరిగా పనిచేయదు. నీళ్లు, సబ్బు, ఇరవై సెకన్లు, వేళ్ల సందులు: దీన్ని మించిన ఉపాయం లేదు. బఫేలో వడ్డించుకునే గరిటె మీకు ముందు వందమంది పట్టుకున్నదే. కాబట్టి పళ్లెం నింపుకుని బల్ల మీద పెట్టి, మరోసారి చేతులు కడుక్కున్నాకే తినండి. వాంతులు, విరేచనాలు మొదలైతే దాచకుండా మెడికల్ సెంటర్‌కి ఫోన్ చేయండి. ఒకట్రెండు రోజులు గదిలో ఉండమంటారని భయపడి దాచిపెట్టినవాళ్ల వల్లే అది డెక్కుకి డెక్కు పాకుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి నాలుగైదు వెంట ఉంచుకోండి.

టెర్మినల్‌లో అప్పగించిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి రాత్రి కావచ్చు. అందుకని పాస్‌పోర్టు, మందులు, కళ్లజోడు, చార్జర్, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. మందులు ప్రయాణం రోజులకి మించి మరో ఐదు రోజులకి సరిపడా, కొన్నప్పటి ప్యాకింగ్‌లోనే, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోండి. ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే కాపాడేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు దొరికితే తీసేసుకుంటారు. ఓడ వైరింగ్ ఇంటి వైరింగ్ లాంటిది కాదు, అలాంటి బోర్డు వేడెక్కి అంటుకోవచ్చు.

ఎక్కగానే జరిగే మస్టర్ డ్రిల్‌ని, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తుని, తేలిగ్గా తీసుకోకండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినబడితే అత్యవసరం. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాతిని ఢీకొని ఒరిగినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకి డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ ప్రమాదంలో 32 మంది చనిపోయారు. అప్పట్లో 24 గంటల్లోపు డ్రిల్ జరిపితే సరిపోయేది. 2015 నుంచి ఓడ బయల్దేరకముందే గానీ, బయల్దేరగానే గానీ జరపాలని నిబంధన మార్చారు. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో చూసి, ప్రమాదంలో మీరు చేరాల్సిన స్టేషన్‌కి వెళ్లి కార్డు స్కాన్ చేయిస్తే చాలు. అక్కడితో ఆగకండి. మీ గది నుంచి ఆ స్టేషన్‌కి లిఫ్టు వాడకుండా మెట్ల మీద ఒకసారి నడిచి చూడండి.

అలలు పెరిగిన రోజున నడుస్తుంటే ఒక చెయ్యి ఎప్పుడూ రైలింగు మీదే ఉండాలి. బాల్కనీ తలుపు తెరిచేముందు గది తలుపు వేసి ఉందో లేదో చూడండి. రెండూ తెరిచి ఉంటే గాలి ఈ మూల నుంచి ఆ మూలకి దూసుకుపోతుంది, బరువైన తలుపు దబ్బున మూసుకుంటుంది. దాని అంచున పెట్టిన వేళ్లు నలిగిపోతాయి.

రేవులో దిగే రోజున గడియారమే అన్నిటికన్నా ముఖ్యం. ఓడ సమయం, ఒడ్డు సమయం ఒకటే కాకపోవచ్చు. ఫోను ఒడ్డు టవర్ అందుకోగానే తన గంట తనే మార్చేసుకుంటుంది, ఒడ్డు సమయం వెనకబడి ఉంటే మీరు గంట ఆలస్యంగా పరుగెత్తుకొస్తారు. ఓడ సమయానికి పెట్టిన చేతి గడియారం ఒకటి తీసుకెళ్లండి. గ్యాంగ్‌వే (ఓడ దిగే మెట్లదారి) దగ్గర బోర్డు మీద రాసిన ‘ఆల్ అబోర్డ్’ సమయాన్ని, అంటే అందరూ ఓడలోకి తిరిగి రావాల్సిన సమయాన్ని, ఓడవాళ్లు రోజూ ఇచ్చే సమాచారంలోని పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో కంపెనీ ప్రతినిధి) నంబరునీ ఫొటో తీసుకోండి. కంపెనీ టూరులో వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగుతుంది, లేదా వాళ్లని తర్వాతి రేవుకి కంపెనీయే చేరుస్తుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. అలా వెళితే రెండు గంటల ముందే తిరిగి రండి. ఓడ లంగరేసి చిన్న పడవల్లో (టెండర్లలో) ఒడ్డుకి చేర్చేచోట చూసుకోవాల్సింది ఆఖరి టెండర్ సమయం. టెండర్‌లోకి దిగేటప్పుడు సంచి వీపున వేసుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. నావికుడు చెప్పినప్పుడే, అతని మోచేయి కింద గట్టిగా పట్టుకుని అడుగు వేయండి, దూకొద్దు.

ఓడ కదలగానే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడలోని మొబైల్ నెట్‌వర్క్ ఉపగ్రహం ద్వారా నడుస్తుంది, మామూలు రోమింగ్ ప్యాక్ దానికి వర్తించదు.

విమానాల సంగతి చివర చెబుతున్నా, బుక్ చేసేటప్పుడు మొదట చూసుకోవాల్సింది అదే. ఓడ ఎక్కే ఊరికి ముందు రోజే చేరండి. దిగే రోజున మధ్యాహ్నం దాటాకే తిరుగు విమానం పెట్టుకోండి. పొగమంచు వల్లో, రోగిని దించడానికి దారి మళ్లడం వల్లో ఓడ రేవుకి ఆలస్యంగా రావచ్చు. చివరి రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టేముందు మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, పొద్దుటి మాత్రలు బయటికి తీశారో లేదో చూసుకోండి. ఒకసారి తీసుకెళ్లాక ఆ పెట్టెలు మళ్లీ కనబడేది టెర్మినల్‌లోనే.